గీరితే లేచొస్తాం

ఎర్లబుర్గ్ కోట,
మిఖాయేలు దూత పండుగ మర్నాడు

అక్క ఐలికాకు,

తమ్ముడు బోవో దండాలు. మఠం బడి గోడ దూకి పారిపోయినవాడు ఇన్నేళ్ళకి నీకు ఉత్తరం రాస్తున్నాడు. నవ్వుకో, ఫరవాలేదు. ఈ అక్షరాలు నువ్వు నేర్పినవే కాబట్టి తప్పుల్లో సగం పాపం నీది.

చీటీ నాకు పడింది. రాజుగారి కొత్త కట్టడి మీ మఠం దాకా వచ్చే ఉంటుంది. సేద్యం చేసే ప్రతి తొమ్మిదిమందిలో ఒకడు కోటలో కాపురం ఉండాలి. మిగతా ఎనిమిదిమంది వాడి పొలం కూడా దున్ని, కోసి, పండినదాంట్లో మూడో వంతు కోటకి తోలాలి. కోటలో ఉన్నవాడు ఆ ఎనిమిది కుటుంబాలకీ లోపల ఇళ్ళు కట్టి సిద్ధంగా ఉంచాలి, ముప్పు వచ్చిన రోజున వాళ్ళు వచ్చి తలదాచుకోవడానికి. మా బిర్క్‌స్టెడ్‌లో తొమ్మిది చిక్కుడు గింజలు కుండలో వేసి తీయమన్నారు. నల్ల గింజ నా చేతికొచ్చింది.

కోట పని కష్టమేమీ కాదు. కష్టమల్లా మన్నో నోటితో. మా ఆవిడ వెండిలాకి అన్న, నాకు బావ. ఎద్దు తన్ని ముందు పళ్ళు రెండూ పోయినవాడు. నా పెళ్ళిలో నువ్వు పాట పాడుతుంటే మధ్యలో తుమ్మి నీ చూపుకి భయపడి బల్ల కింద దూరాడే, అతనే. ఆ ఎనిమిదిమందికీ అతనే పెద్ద. ఆదివారం ఆదివారం అందరూ పైకి వచ్చి కసరత్తు చేయాలి కదా, వచ్చినప్పుడల్లా నేను కట్టిన ఇళ్ళు తిరిగి చూస్తాడు. మొన్న కప్పు కేసి చూసి, "బాగుంది బావా, నక్షత్రాలు లెక్కపెట్టుకోవచ్చు" అన్నాడు.

ఇప్పుడు నీతో పని పడింది. హంగేరులతో తొమ్మిదేళ్ళ సంధి గడువు దగ్గరపడుతోంది. ఈసారి రాజుగారు కప్పం కట్టరనే అందరి నమ్మకం. వాళ్ళు గుర్రాల మీద "హుయ్, హుయ్" అని కూస్తూ వస్తారట. మనవాళ్ళు దానికి బదులుగా "కీరియే ఎలేయిసోన్" అని ఒక్క గొంతుతో అరవాలని కోట దొర ఆజ్ఞ. ముప్పు వేళ ఆ మాట వినబడితే తలుపు తీయాలని కూడా. మాట గొప్పదే. కానీ మావాళ్ళ నోరు తిరగడం లేదక్కా. మఠంలో పాట నేర్పేదానివి, ఎలా నేర్పాలో చెప్పు.

వెండిలా ఊళ్ళోనే ఉంది. ఆవుల్ని, అవిసె కట్టల్ని వదిలి రానంటోంది. నీకు దండాలు చెప్పమంది.

బోవో

---

లిండరోడ మఠం,
సెయింట్ గాల్ పండుగ

తమ్ముడు బోవోకి,

నీ ఉత్తరం పెద్దమ్మగారికి చదివి వినిపించాను. మఠానికి పెద్ద కాబట్టి వచ్చిన ప్రతి ఉత్తరమూ ఆవిడ వినాలి. గోడ దూకిన సంగతి దగ్గర నవ్వారు. నీ రాతలో పదకొండు తప్పులున్నాయి. సగం పాపం నాదన్నావు కదా, అయిదున్నరకి నేను ప్రాయశ్చిత్తం చేసుకున్నాను. మిగతాది నువ్వు చూసుకో.

ఇక ఆ మాట సంగతి. అది గ్రీకు మాట. నీకు గ్రీకు రాదు, నిజం చెప్పాలంటే ఆ రెండు మాటలు తప్ప నాకూ రాదు. కానీ ఆ రెండూ నాకు వచ్చినంత బాగా ఈ చుట్టుపక్కల ఎవరికీ రావు. "ప్రభువా, దయచూపు" అని అర్థం. మా మఠంలో కొత్తగా చేరిన పిల్లలు ఆ మాటలో ఒక్క అక్షరం మింగినా నా చేతిలో బర్చి బెత్తం లేస్తుంది. దేవుడి ముందు నిలబడి గొణిగేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

నేర్పే పద్ధతి ఇది. రై ధాన్యపు కళ్ళం మీద ముగ్గురు నిలబడి కర్రలతో నూర్చేటప్పుడు ఒకరి తర్వాత ఒకరు దెబ్బ వేస్తారు కదా, ఆ దెబ్బకి ఒక అక్షరం చొప్పున అనిపించు. కీ. రి. యే. మూడు దెబ్బలు. ఊపిరి. ఎ. లే. యి. సోన్. నాలుగు దెబ్బలు. ఒక్కో అక్షరం విడివిడిగా, కడిగిన గిన్నెలా శుభ్రంగా రావాలి. మీ పళ్ళులేని బావ చేత కూడా అనిపించు. పళ్ళు లేకపోవడం సాకు కాదు. మా పెద్దమ్మగారికీ లేవు.

వెండిలా గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావేం? ఏదో దాస్తున్నావు.

అక్క ఐలికా

---

ఎర్లబుర్గ్ కోట,
సెయింట్ మార్టిన్ పండుగ వారం

అక్కకు,

నీ దగ్గర ఏదీ దాగదు. వెండిలాకి ఐదో నెల. ఈస్టరు ముందరి తపస్సుకాలంలో పురుడు. ఇదివరకు రెండుసార్లు నిలవలేదు కాబట్టి ముందే చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు చెప్పేశాను. ప్రార్థన చెయ్యి.

నీ పద్ధతి అమలు చేశాను. కళ్ళం కర్రలు తెప్పించి, ఎనిమిదిమందినీ వరసలో నిలబెట్టి, దెబ్బకో అక్షరం అనిపించాను. ఏడుగురికి కాస్త దారి దొరికింది. మన్నో వంతు వచ్చింది. ఖాళీ పళ్ళ సందులోంచి ఈల వేసినట్టు గాలి పోయింది, దాంతోపాటు మాటా పోయింది. ఏం వచ్చిందో తెలుసా? "గీరితే లేచొస్తాం."

కోటలో పాదిరిగారు మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ అదే. ఆయన నెత్తి పట్టుకుని, "గీరడమేమిటయ్యా?" అని అడిగారు. మన్నో చాలా వినయంగా జవాబిచ్చాడు.

"అదేనండీ. మమ్మల్ని గీరితే ఊరుకోం, లేచొస్తాం అని. దేవుడికి ముందే చెప్పుకుంటున్నాం కదండీ, తర్వాత మాట రాకుండా."

ఇక చూడు. నేర్చుకున్న ఏడుగురూ నేర్చుకున్నది మరిచిపోయారు. ఆదివారం కసరత్తులో ఒకటే కేక, "గీరితే లేచొస్తాం." ఆడవాళ్ళు పాలు పితుకుతూ అదే, పిల్లలు పందుల్ని తోలుతూ అదే. పాదిరిగారు కళ్ళనీళ్ళ పర్యంతమయ్యారు. నేను మన్నోని పక్కకి పిలిచి, అది కాదు బావా, ఇదీ అర్థం అని చెప్పాను. "అర్థం తెలియని మాట గొంతు చించుకుని ఎలా అరుస్తాం బావా? నా మాటకైతే అర్థం ఉంది" అన్నాడు. దానికి జవాబు నీ దగ్గర ఉంటే పంపు.

ఆరో ఇంటికి గోడలు లేచాయి. కప్పులన్నీ విప్పి రెల్లు రెండింతలు మందంగా వేయిస్తున్నాను. నక్షత్రాల మాట అతని నోట మళ్ళీ రాకూడదు.

బోవో

---

లిండరోడ మఠం,
ముగ్గురు రాజుల పండుగ

తమ్ముడికి,

ముందు సంతోషం. మా మరదలి కడుపు చల్లగా ఉండాలని రోజూ సాయంత్రం పాట అయ్యాక నేను విడిగా మోకరిస్తున్నాను. ఈ ఉత్తరంతో ఒక గుడ్డ పంపుతున్నాను. గుడి పీఠం మీది పాత నార బట్ట, మెత్తగా అయిపోయింది. అంచుకి నీలి దారంతో చిన్న చిన్న చేపలు కుట్టాను. బిడ్డని మొదట అందులో చుట్టండి.

ఇప్పుడు కోపం. దయ అడగాల్సిన చోట మీవాళ్ళు దేవుణ్ణి బెదిరిస్తున్నారు. నవ్వు వచ్చేలా రాశావు, నాకు రాలేదు. నిజానికి కొంచెం వచ్చింది, అందుకే ఇంకా కోపం. హంగేరుల రాయబారుల్ని రాజుగారు ఉత్త చేతులతో పంపేశారని ఇక్కడికి కబురొచ్చింది. అంటే మంచు కరిగేలోపే వాళ్ళు వస్తారు. ఇలాంటప్పుడు పై నుంచి వచ్చే సాయాన్ని పళ్ళు లేని ఒక్క నోరు పాడుచేస్తుంటే చూస్తూ ఊరుకుంటావా?

నా మాట విను. మీ కోట దొరతో చెప్పి ఒక నియమం పెట్టించు. ముప్పు వచ్చిన రోజున తలుపు దగ్గర "కీరియే ఎలేయిసోన్" అని ఏడు అక్షరాలూ సరిగ్గా పలికినవాళ్ళకే గడియ తీస్తాం, గొణిగినవాళ్ళకి తీయం అని. నిజంగా తీయకుండా ఎలా ఉంటాం అంటావు. తీయరని వాళ్ళు నమ్మితే చాలు, వారం రోజుల్లో నోరు తిరుగుతుంది. భయం పెట్టకుండా నేను ఒక్క పిల్లకీ పాట నేర్పలేదు. కింద ఏడు అక్షరాలూ పెద్దగా, విడివిడిగా రాశాను. తలుపుకే అంటించు.

ఉప్పు బండి హెరిక్ రేపు మీ వైపు వస్తున్నాడు, అతనితో పంపుతున్నాను.

అక్క ఐలికా

---

ఎర్లబుర్గ్ కోట,
కొవ్వొత్తుల పండుగ తర్వాత మూడో రోజు

అక్కా,

మార్టిన్ పండుగ వారంలో నేను రాసిందానికి నీ జవాబు రాలేదు. కోపమొచ్చిందా? ఉప్పు బండి కూడా ఈ నెల రాలేదు. కోటలో పంది మాంసానికి ఉప్పు లేక వంటవాళ్ళు గొడవ పెడుతున్నారు. ఈ చీటీ బొగ్గులమ్మే రిక్సా చేత పంపుతున్నాను. ఆవిడ అడవి దారుల్లో నడుస్తుంది.

ఒక తప్పు చేశాను. నీకు కాక ఎవరికి చెప్పుకోను? క్రిస్మసుకి ఊరంతా కోటకి వచ్చినప్పుడు, దొర ఎదుట, పక్క ఊళ్ళవాళ్ళ ఎదుట మన్నో మళ్ళీ అదే కేక పెట్టాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఆ మాట సరిగ్గా పలకడం వచ్చేదాకా ఈ కోటలోకి రావొద్దు" అనేశాను. మఠం బడి దర్పం ఎక్కడో మిగిలి ఉంటుంది నాలో. అతను చెల్లెలి భుజం మీద శాలువా కప్పి, "పద వెండిలా" అన్నాడు. ఎనిమిది కుటుంబాలూ అతని వెనకే దిగిపోయాయి.

అప్పటినుంచి ఎవరూ రావడం లేదు. ధాన్యం బండి కోట గుమ్మం దాకా తోలి, అక్కడ దింపి పోతున్నారు. నేను రెండుసార్లు ఊరికి వెళ్ళి బతిమాలాను. వెండిలా ఏడ్చింది కానీ అన్నని కాదని రాలేదు. మన్నో గొడ్లపాక ఊడుస్తూ, "మాకు ఇంకా పలకడం రాలేదు బావా" అన్నాడు, అంతే.

ఎనిమిది ఇళ్ళూ పూర్తయ్యాయి అక్కా. ఏడో ఇంట్లో, పొయ్యి దగ్గర, వెండిలా పురుటి మంచం కూడా వేశాను. ఖాళీగా ఉన్నాయి.

బోవో

---

లిండరోడ మఠం,
బూడిద బుధవారం

బోవో,

ఇది చదవగానే తలుపు దగ్గరికి పరుగెత్తు.

నేను జవాబు రాశాను. ముగ్గురు రాజుల పండుగ నాడే రాశాను. ఆ ఉత్తరం హెరిక్ బండిలో ఉంది. నిన్న అడవి అంచున ఆ బండి కాలిపోయి దొరికింది. హెరిక్ జాడ లేదు. చుట్టూ నాడాలు లేని గుర్రపు డెక్కల గుర్తులున్నాయట.

ఆ ఉత్తరంలో ఏం రాశానో విను. ఎర్లబుర్గ్ కోట తలుపు దగ్గర ఏ మాట అంటే గడియ తీస్తారో రాశాను. ఆ మాట పలకడానికి ఏడు అక్షరాలు విడివిడిగా రాసిచ్చాను. ఒక పిల్లకి పాఠం చెప్పినట్టు శత్రువుకి చెప్పాను. వాళ్ళకి చదువు రాదనుకుని ధైర్యం తెచ్చుకోబోయాను. కానీ నిరుడు ఒక మఠం నుంచి పారిపోయి వాళ్ళతో కలిసిన పాదిరి ఒకడున్నాడని రిక్సా చెప్పింది. మన భాష, మన పాట అన్నీ వచ్చినవాడు.

సరిగ్గా పలికేవాళ్ళని నమ్మొద్దు. ఇంతకంటే ఏం రాయాలో నాకు తెలియదు. ముప్ఫై ఏళ్ళు దేవుడి మాటకి కాపలా కాస్తున్నాననుకున్నాను, నా గర్వానికి కాపలా కాశాను. మన్నోని నువ్వు గెంటావన్నావు. కాదు, నీ నోట నేనే మాట్లాడాను. వెళ్ళి అతని కాళ్ళయినా పట్టుకుని నా మరదల్ని లోపలికి తెచ్చుకో.

ఆ గుడ్డ కూడా వాళ్ళ చేతిలో పడింది. నీలి చేపల గుడ్డ. అది తలుచుకుంటే ఉత్తరం కంటే ఎక్కువ ఏడుపొస్తోంది, ఎందుకో.

దారులన్నిటా వాళ్ళే ఉన్నారు. రిక్సా చిత్తడి నేలల చుట్టూ తిరిగి వస్తానంది. ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేనంది.

ఐలికా

---

ఎర్లబుర్గ్ కోట,
తపస్సుకాలం మూడో ఆదివారం

అక్కా,

బతికే ఉన్నాం. అందరం. ముందు ఈ ముక్క చదివి ఊపిరి పీల్చుకో, తర్వాత కూర్చుని మిగతాది చదువు.

రెండో వారం మంగళవారం పొద్దున్న పొగమంచు దిగింది. చెయ్యి చాపితే వేళ్ళు కనబడనంత. పెద్ద తలుపు కాపలా నాది. హంగేరులు నది దాటారని ముందు రోజే వేగు వచ్చింది. బిర్క్‌స్టెడ్‌కి మనిషిని పంపాం, వెళ్ళినవాడు తిరిగి రాలేదు. నేనే వెళ్తానంటే దొర కదలనివ్వలేదు. నా ప్రాణం నాలో లేదు.

బాగా తెల్లారాక మంచులోంచి బండి చక్రాల కీచు వినిపించింది. తర్వాత గొంతులు. "కీరియే ఎలేయిసోన్." కిందికి చూస్తే శాలువాలు కప్పుకున్న ఆకారాలు, ఒక ఎద్దుబండి. "తలుపు తియ్యండి, మా వెనకే వస్తున్నారు. ఆడవాళ్ళున్నారు" అని ఎవడో స్వచ్ఛమైన మన భాషలో అరిచాడు. నా వెండిలా ఆ శాలువాల్లో ఉందనుకున్నాను. గడియని పైనుంచే లేపే తాడు పట్టి లాగాను, అడ్డుదుంగ సగం పైకి లేచింది కూడా.

అప్పుడు వాళ్ళు మళ్ళీ అన్నారు. కీ. రి. యే. ఊపిరి. ఎ. లే. యి. సోన్. అక్షరం అక్షరం విడివిడిగా, కడిగిన గిన్నెలా.

అక్కా, చచ్చినా బిర్క్‌స్టెడ్ నోట అంత శుభ్రంగా ఆ మాట పుట్టదు. తాడు వదిలేశాను.

దొర మెట్లెక్కి వచ్చి, తియ్యవేంరా అన్నాడు.

"తియ్యను దొరా. వీళ్ళు మావాళ్ళు కారు."

"ఎలా తెలుసు?"

"బాగా పలుకుతున్నారు."

నాకు మతి పోయిందనుకున్నాడు. కత్తి దూసి నా మెడ మీద పెట్టాడు. కింద ఆడగొంతులు ఏడుస్తున్నాయి, నిజమైన ఏడుపులే. చెరపట్టిన మన ఆడవాళ్ళని ముందు నిలబెట్టారని తర్వాత తెలిసింది.

"పొరపాటైతే నీ తల ఈ తలుపుకే వేలాడుతుంది" అన్నాడు దొర.

"పొరపాటైతే నా పెళ్ళాం బయట ఉంది దొరా. ఇక నా తల నాకెందుకు?"

ఆయన కత్తి దించలేదు, నొక్కనూ లేదు. నేను కిందికి వంగి, మన్నో ఎలా అంటాడో అలా అనండి చూద్దాం అని కేకేశాను. కింద ఏవో గుసగుసలు. తర్వాత ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త చక్కగా, "కీరియే ఎలేయిసోన్." దొర కూడా అప్పుడు నా మొహం కేసి చూశాడు.

సరిగ్గా అప్పుడే వెనకవైపు, చిత్తడి వైపు, ఆల్డరు పొదల్లోంచి ఈల కలిసిన గొంతొకటి లేచింది. "గీరితే లేచొస్తాం." దాని వెనక నలభై గొంతులు. కోడిపిల్లల్లాంటి పిల్లల గొంతులు కూడా.

నేనెలా పరుగెత్తానో నాకు గుర్తులేదు. వెనకవైపు చిన్న తలుపు గడియ తీసేసరికి మన్నో నడుం లోతు బురదలో ఉన్నాడు. నాగలిని వేసి ఈడ్చుకెళ్ళే చక్రాల్లేని బల్ల మీద తోళ్ళు పరిచి, వాటి మీద వెండిలాని పడుకోబెట్టి, ఎనిమిదిమంది లాగుతున్నారు. దానికి నొప్పులు మొదలయ్యాయి, తోలుపట్టీ పళ్ళ మధ్య పెట్టుకుని నా కేసి చూస్తోంది. మన్నో తలుపు ముందు ఆగాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"ఏం బావా, పలకడం వచ్చిందా మాకు? రాలేదంటే చెప్పు, వెనక్కి పోతాం."

"మళ్ళీ అను."

"గీరితే లేచొస్తాం."

"ఇంతకంటే సరిగ్గా ఎవడూ పలకలేడు బావా. లోపలికి రా" అని బురదతో సహా కావలించుకున్నాను. ఏడ్చాను కూడా. అతను మాత్రం, "ముందు దాన్ని లాగు, తర్వాత ఏడుద్దువుగాని" అన్నాడు.

ఇక మిగతాది చెబుతాను, పాదిరిగారు అయితే ఇంకా బాగా చెబుతారు, ఆయన ఇప్పుడు అదే పనిలో ఉన్నారు. వెండిలాని ఆడవాళ్ళకి అప్పగించి మేము పెద్ద తలుపు దగ్గరికి పరుగెత్తాం. తలుపు తెరుచుకోగానే దూసుకురావాలని హంగేరులు గుర్రాలతో సహా దారి నిండా కిక్కిరిసి ఉన్నారు. రెండు పక్కలా అగడ్త. వెనక్కి తిరగడానికి చోటు లేదు. మంచుకి వింటినారులు తడిసి వేలాడుతున్నాయి. దొర అది చూసి నా కేసి తిరిగి, "ఇప్పుడు తియ్యి" అన్నాడు. తీశాను. ముందున్న చెర ఆడవాళ్ళు లోపలికి, మేము బయటికి. దొర ఈటెతో ముందు, ఆయన పక్కనే మన్నో, వెనక మా ఏడుగురు కళ్ళం కర్రలతో. ముగ్గురేసి నిలబడి ఒకరి తర్వాత ఒకరు దెబ్బ వేస్తూ నూర్చారక్కా, నువ్వు చెప్పిన పద్ధతే. దెబ్బ దెబ్బకీ ఒకటే కేక. గోడ మీద ఆడవాళ్ళు, వంటవాళ్ళు, కోటలో నోరున్న ప్రతి ప్రాణీ అదే కేక. పక్కకి చూస్తే పాదిరిగారు అంగీ ఎగ్గట్టి, మొహం ఎర్రబడి, "గీరితే లేచొస్తాం" అంటున్నారు.

మా వైపు ఇద్దరు పోయారు. మంచివాళ్ళు, వాళ్ళ కోసం రేపు పూజ. హంగేరుల వైపు అగడ్తలు నిండాయి. మిగిలినవాళ్ళు చిత్తడిలో పడి, గుర్రాలు వదిలి పారిపోయారు. నాలుగో రోజున రాజుగారి సైన్యం ఉత్తరాన వాళ్ళ పెద్ద దండుకి ఎదురెళ్ళింది. ఆ యుద్ధం నేను చూడలేదు, గోడ మీంచి దుమ్ము చూశాను. సాయంత్రానికి కోట ముందు నుంచి వాళ్ళ గుర్రాలు పోతుంటే అందరి వీపులూ మా వైపే ఉన్నాయి. తొమ్మిదేళ్ళ కప్పం ఆ దుమ్ములో కలిసిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మేము అగడ్త దగ్గర అరుస్తుండగా ఏడో ఇంట్లో వెండిలాకి ఆడపిల్ల పుట్టింది. దాని మొదటి ఏడుపు ఎవరికీ వినబడలేదట, మా కేకల్లో. రెండోది బాగానే వినబడిందట, నోరు మన్నోది. ఆ రాత్రంతా వాన. మన్నో వెల్లకిలా పడుకుని కప్పు కేసే చూస్తూ ఉన్నాడు. పొద్దున్నే లేచి, "చుక్క పడలేదు బావా. నా పందిని కూడా తెచ్చుకుంటాను" అన్నాడు. నాకు దండుని గెలిచిన దానికంటే అది ఎక్కువ.

వాళ్ళు దోచినదంతా పట్టుకున్నాం. అందులో మెత్తటి నార బట్ట ఒకటి, అంచున నీలి చేపలు. ఎవరిదో తెలియక, శుభ్రంగా ఉంది కదా అని వెండిలా బిడ్డని అందులో చుట్టింది. ఆ మర్నాడు రిక్సా నీ బూడిద బుధవారం ఉత్తరం తెచ్చింది. చదివి ఇద్దరం ఆ గుడ్డ కేసి చూస్తూ ఉండిపోయాం.

నీ ఇంకో ఉత్తరం కూడా అందింది. రెండు నెలలు ఆలస్యంగా, ఒక దొంగ పాదిరి చొక్కాలోంచి. అగడ్తలోంచి లాగి కట్టేశాం వాణ్ణి. మఠంలో నెత్తిన గొరిగిన గుర్తు ఇంకా పూర్తిగా పూడలేదు. ఎక్కడ తప్పు పలికానని అడుగుతున్నాడు, పాపం. హెరిక్ కూడా వాళ్ళ బండి వెనక కట్టేసి దొరికాడు. ఒక చెవి పోయింది, మిగతాదంతా ఉంది.

అక్కా, నువ్వు ఏడవొద్దు. ఒక్కటి ఆలోచించు. ఆ ఉత్తరం వేళకి నాకే అంది ఉంటే? నీ మాట కాదనేవాణ్ణి కాదు. ఆ నియమం పెట్టించేవాణ్ణి. ఆ మాట దొంగ పాదిరికి ఎలాగూ వచ్చు. అప్పుడు మంచులో చక్కగా పలికినవాళ్ళకి తలుపు తీసి, వెండిలా వాళ్ళని బయట ఉంచేవాణ్ణి. నీ ఉత్తరం దొంగల పాలై మమ్మల్ని కాపాడింది.

ఈస్టరు తర్వాతి ఆదివారం కోటలోనే బిడ్డకి బాప్తిస్మం. పేరు ఐలికా. మన్నో పెట్టాడు, నేను కాదు. మేనత్త రాకపోతే బాగుండదు.

బోవో

---

లిండరోడ మఠం,
ఈస్టరు మర్నాడు

తమ్ముడు బోవోకి, మరదలు వెండిలాకి, నా పేరు మోస్తున్న చిన్నదానికి,

నీ ఉత్తరంలో తప్పులు లెక్కపెట్టలేదు. పెద్దమ్మగారికి చదివి వినిపిస్తుంటే నాలుగుచోట్ల ఆగి మొహం తుడుచుకున్నాను. ఆవిడ నాలుగుసార్లూ ఓపిగ్గా ఆగి, చివర్లో తలుపు దగ్గరి ఘట్టం మళ్ళీ చదవమన్నారు.

నిన్న ఈస్టరు పూజ. మఠం నిండా జనం, అడవుల్లోంచి తిరిగొచ్చిన ఊళ్ళన్నీ. పాట మొదలుపెట్టాల్సింది నేను. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఏడు అక్షరాలతోనే మొదలుపెడుతున్నాను. నోరు తెరిచాను. నిండు గుళ్ళో, దేవుడి ముందు, ఏం వచ్చిందో నువ్వు ఊహించుకో.

కొత్త పిల్లలు గడ్డకట్టుకుపోయారు. తప్పు పలికితే బెత్తం లేస్తుందని వాళ్ళకి తెలుసు, బెత్తం ఎవరి చేతిలో ఉందో కూడా తెలుసు. నేను పశ్చాత్తాపపడలేదు బోవో. అంత నిజంగా ఆ పాట నేనెప్పుడూ పాడలేదనిపించింది. అప్పుడు వెనక బెంచీ మీంచి, పళ్ళు లేని గొంతుతో, ఈల కలిపి, పెద్దమ్మగారు బదులు పాడారు. అదే మాట. ఆ తర్వాత గుడి కప్పు ఎగిరిపోయేలా అందరూ అందుకున్నారు.

బెత్తం పొయ్యిలో వేశాను. పిల్లలు అది కాలే దాకా అక్కడే నిలబడి చూశారు.

పెద్దమ్మగారు నాకు వారం సెలవిచ్చారు. చెవి లేని హెరిక్ కొత్త బండి మీద, ఉప్పు మూటల మధ్య కూర్చుని శుక్రవారానికి వస్తున్నాను. మన్నోకి చెప్పు, ఈసారి అతను తుమ్మినా నేను చూడను. ఆ దొంగ పాదిరికి కూడా ఒక మాట చెప్పు. అతను ఎక్కడా తప్పు పలకలేదు, నాకంటే బాగానే పలికాడు.

మంచు ఉన్నా సరే, నా మొహం కనబడకపోయినా సరే, తలుపు ముందు నిలబడి ఏమనాలో నాకు తెలుసు. దారి పొడవునా సాధన చేస్తూ వస్తాను. వినగానే గడియ తియ్యి.

అక్క ఐలికా